నీళ్ళు తాగిన ఇంజను

ప్రెస్సులో ఆయన్ని అందరూ కామాగారు అంటారు. ఇరవై రెండేళ్ళుగా ప్రూఫులు దిద్దడమే ఉద్యోగం. కరపత్రం దగ్గర్నుంచి న్యాయశాస్త్రం పుస్తకం దాకా అక్కడ అచ్చయ్యే ప్రతి కాగితమూ ఆయన కళ్ళజోడు కిందనుంచి పోవాల్సిందే. ఒక్క కామా దారి తప్పిందని తిరుగుతున్న మిషన్ను ఆపించి ప్లేటు దింపించిన రోజున ఆ పేరు పడింది. పిలిచేవాళ్ళు వెక్కిరింతగానే పిలిచారు గానీ, ఆయన మాత్రం దాన్ని బిరుదులాగే పుచ్చుకున్నాడు.

ఆయన భార్య ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని కిటికీలకు పరదాలు కుడుతుంది. ఆవిడ తమ్ముడు లిఫ్టు మెకానిక్. రెండు వీధుల అవతల ఒక గది తీసుకుని ఉంటాడు. భోజనానికి మాత్రం అక్క ఇల్లే. బావకూ బావమరిదికీ పొంతన కుదిరే విషయాలు తక్కువ. బావ ఒక పని చేసే ముందు నాలుగుసార్లు చదువుతాడు. బావమరిది పని అయిపోయాక కూడా చదవడు. అయినా ఇద్దరికీ కలిపి ఒక ఆస్తి ఉంది, బూడిదరంగు చిన్న కారు. విడివిడిగా కొనే తాహతు లేక కలిసి కొన్నారు. సోమ, బుధ, శుక్రవారాలు బావవి. మంగళ, గురు, శనివారాలు బావమరిదివి. ఆదివారం ఆవిడది, అంటే ఆవిడ ఎటు పొమ్మంటే అటు పోవాలి. కాగితాలన్నీ బావ పేరు మీదే ఉన్నాయి. "కాగితాల సంగతి మా బావకి వదిలెయ్యాలి, ఆయన చదవని అక్షరం లేదు" అని బావమరిది ఎవరితోనైనా చెప్పేవాడు. అది విన్నప్పుడల్లా బావ కళ్ళజోడు తుడుచుకునేవాడు.

ఊరు మునిగింది బుధవారం నాడు. అంటే కారు బావ వంతు. పొద్దున ఆకాశం చూసి ఆయన కారు తీయలేదు. వీధిలో అన్నిటికన్నా మెరక మీద, నీళ్ళట్యాంకు గోడ పక్కన నిలబెట్టి, గొడుగు వేసుకుని బస్సులో పోయాడు. ఆ జాగ్రత్తకు తనను తానే మెచ్చుకున్నాడు కూడా. పదకొండు గంటలకల్లా ప్రెస్సు గుమ్మం దాకా నీళ్ళొచ్చాయి. కాగితం రీములన్నీ అటకమీదికి ఎక్కించే హడావిడిలో ఫోను డెస్కు మీదే వదిలేశాడు.

పన్నెండు దాటాక చూసుకుంటే అందులో బావమరిదివి ఆరు పిలుపులు, భార్యది ఒకటి. భార్యకు చేశాడు.

"ఏవండీ, వాడు కారు తీసుకెళ్ళాడు" అందావిడ ఒక్క ముక్కలో.

"ఎవరివ్వమన్నారు తాళం?"

"నేనే ఇచ్చాను. ఎక్కడో పళ్ళ డాక్టరు ఆస్పత్రున్న బిల్డింగులో లిఫ్టు ఆగిపోయిందంట. లోపల ఐదుగురున్నారంట. కింద గుంటలోకి నీళ్ళొచ్చేస్తున్నాయంట. మీకు చేస్తే మీరెత్తలేదు. నన్నేం చెయ్యమంటారు మరి?"

 

జరిగింది బావమరిది నోటివెంట ఇంటికి చేరింది ఇలా. రైలు వంతెన కింద దారిలో నీళ్ళు మోకాలి లోతే ఉన్నాయనుకున్నాడు. ముందు ఒక జీపు సాఫీగా దాటింది. దాని వెనకే తనూ దింపాడు. సగంలో కారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. పనిముట్ల సంచీ నెత్తిన పెట్టుకుని దిగి, నడుచుకుంటూ పోయాడు. ఆ బిల్డింగు మేడ మీద మిషను గదిలోకి ఎక్కి, కరెంటు తీసేసి, బ్రేకు వదిలి, చేత్తో చక్రం తిప్పుతూ లిఫ్టును జానెడు జానెడుగా పైకి లాగాడు. తలుపు తెరిచేసరికి లోపలివాళ్ళు పిక్కల దాకా తడిసి ఉన్నారు. ఒకాయన నోటినిండా దూదితో ఉన్నాడట. సగం పన్ను పీకించుకుని, కింద ఎక్స్‌రే గదికి పోతూ ఇరుక్కున్నాడు. ఆ దూదితోనే బావమరిది చేతులు పట్టుకుని ఏదో చెప్పబోయాడట, ఒక్క ముక్క అర్థం కాలేదు.

ఇదంతా విని వీధి వీధంతా బావమరిదిని పొగిడింది. అక్కడే వచ్చింది బావకు ఇబ్బంది. ఐదు ప్రాణాలు కాపాడినవాణ్ణి కారు ముంచావని నేరుగా తిట్టడానికి లేదు. అందుకని పక్కనుంచి తిట్టేవాడు.

"వాళ్ళను పైకి లాగావు, కారును కిందికి తోశావు. లెక్క సరిపోయింది."

"బావా, జీపు దాటింది కదా అనీ..."

"జీపు ఎత్తెంత? మనదెంత? నువ్వు లిఫ్టులు చేసేవాడివి, ఎత్తుల సంగతి నీకు నేను చెప్పాలా?"

బావమరిది కిమ్మనేవాడు కాదు. మామూలుగా ఒకటంటే రెండనే మనిషి. ఆ నోరు మూతబడడం అక్క గమనించింది గానీ, సిగ్గుపడుతున్నాడులే అనుకుంది.

శుక్రవారం నీళ్ళు తీశాయి. కారును లారీకి కట్టి మెకానిక్ షెడ్డుకు లాగించారు. తలుపు తెరిచేసరికి ముందు వాసన వచ్చింది, ఆ వెనకే బురద నీళ్ళు, వాటితో పాటు చిటికెనవేలంత చేప ఒకటి జారి మెకానిక్ చెప్పు మీద పడింది. మెకానిక్ దాన్ని చూశాడు, కారును చూశాడు, తర్వాత ఇద్దరినీ చూశాడు.

"ఆగిపోయాక మళ్ళీ స్టార్ట్ చేశారా?" అన్నాడు.

బావమరిది షెడ్డు రేకుల వంక చూస్తూ, "లేదన్నా" అన్నాడు.

"మంచి పని చేశారు. చెయ్యకండి. తాళం కూడా పెట్టకండి." అంటూనే వంగి బ్యాటరీ వైర్లు ఊడదీసేశాడు. "ఇన్సూరెన్సుకి ఫోన్ కొట్టండి ముందు. వాళ్ళ మనిషి వచ్చి చూసేదాకా నేను నట్టు కూడా విప్పను."

"ఫుల్ ఇన్సూరెన్సు ఉంది. వరద కూడా ఉంటుంది అందులో" అన్నాడు బావ. ఆ ధీమా ఆయనకు ఎక్కడిదంటే, ప్రతి ఏడూ టంచనుగా కట్టే ధీమా. పాలసీ చదివాడా అని ఎవరూ అడగలేదు. ఆయన్ని అలా అడగాలని ఎవరికి తోస్తుంది!

సోమవారం పది గంటలకు సర్వేయరు వచ్చింది. నష్టం ఎంతో చూసి కంపెనీకి రాసిపెట్టే ఉద్యోగం. నలభై అయిదేళ్ళు ఉంటాయి, రబ్బరు బూట్లు వేసుకుంది, మెడలో టార్చిలైటు వేలాడుతోంది. వరద తర్వాత అది తనకు ముప్పై ఎనిమిదో కారని చెప్పి, కుర్చీ వెయ్యబోతే వద్దంది. కూర్చుంటే లేవలేనంది.

ఆవిడ పని చేస్తుంటే బావ కన్నార్పకుండా చూశాడు. తను ప్రూఫు చదివినట్టే చదువుతోంది కారును. తలుపు లోపలి గుడ్డ మీద బురద గీత ఎక్కడ ఆగిందో చూసి, అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టి ఫొటో తీసింది. సీటు పక్కకు తోసి, కింద పరిచిన తివాచీ ఎత్తి, దాని కింద చెయ్యి పెట్టి వేళ్ళు వాసన చూసింది. డ్యాష్‌బోర్డు వెనక ఉండే కంప్యూటరు పెట్టె మూత తీయించింది. అందులోనూ నీళ్ళే. గాలి వడకట్టే ఫిల్టరు బయటికి తీసి పిండితే తడిగుడ్డలా కారింది. ఆయిలు కొలిచే పుల్ల లాగితే, దానికి అంటుకున్నది నల్లగా లేదు, పాలెక్కువైన కాఫీ రంగులో ఉంది.

"ఇంజను నీళ్ళు తాగింది" అందావిడ. "ప్లగ్గులు విప్పండి."

మెకానిక్ నాలుగు ప్లగ్గులూ విప్పి, పెద్ద పానా పెట్టి ఇంజన్ను చేత్తో తిప్పాడు. ప్లగ్గుల బొరియల్లోంచి నీళ్ళు పిచికారీ కొట్టినట్టు లేచాయి. అర చుట్టు తిరిగి, ఠక్కున ఒకచోట పట్టేసింది.

"లోపల రాడ్డు వంగింది" అన్నాడు మెకానిక్ గొంతు తగ్గించి.

ఆవిడ పుస్తకం మూసి, అన్నదమ్ముల్లా పక్కపక్కన నిలబడ్డ బావా బావమరుదుల వైపు తిరిగింది. "నడిపింది ఎవరు?"

"నేనేనండి" అన్నాడు బావమరిది.

"లైసెన్సు చూపించండి. సరే. చూడండి, నేను దాపరికం లేకుండా చెప్తాను. సీట్లు, వైరింగు, కంప్యూటరు, స్టార్టరు, లోపలి తివాచీ, ఇవన్నీ వరద నష్టమే. వాటి గురించి మీకు దిగులక్కర్లేదు. చిక్కల్లా ఇంజనుతోనే. రాడ్డు రెండు రకాలుగా వంగుతుంది. నడుస్తుండగా నీళ్ళు మింగి ఆగిపోయినా వంగుతుంది. ఆగిపోయాక ఎవరైనా తాళం తిప్పినా వంగుతుంది. గాలి నలుగుతుంది గానీ నీళ్ళు నలగవు కదా, అందుకని ఇనుమే వంగుతుంది. మొదటిదైతే వరద వల్లే అని నేను రాయడానికి చోటుంది. రెండోదైతే మనిషి చేతులారా చేసుకున్నది కింద పోతుంది. మామూలు పాలసీలో అది రాదు."

"మామూలు కాకపోతే?" అన్నాడు బావ.

"ఇంజన్ రక్షణ అని విడిగా డబ్బు కట్టి తీసుకునే కవరు ఒకటి ఉంటుంది. అది తీసుకుని ఉంటే తాళం తిప్పినా తిప్పకపోయినా ఒకటే. మీది తీసుకున్నారా?"

"అన్నీ ఉన్నాయండి. ఫుల్..."

"ఫుల్ అనే మాట పాలసీలో ఉండదండి, ఏజెంట్ల నోట్లోనే ఉంటుంది." ఆవిడ విసుక్కోలేదు, మామూలుగానే అంది. "రేపు పాలసీ కాగితం, నడిపినాయన చేత్తో రాసిన వాంగ్మూలం తెచ్చివ్వండి. ఎలా జరిగిందో వరసగా రాయండి. కారు నాకు చెప్పగలిగింది చెప్పింది. మిగతాది మీరే చెప్పాలి."

ఆవిడ వెళ్ళాక మెకానిక్ చేతులు తుడుచుకుంటూ బావమరిది భుజం తట్టాడు. "తిప్పలేదని రాసెయ్. తిప్పినా తిప్పలేదనే రాస్తారు అందరూ."



ఆ సాయంత్రం ప్రెస్సు నుంచి త్వరగా వచ్చి, బావ బీరువాలోంచి కారు ఫైలు తీశాడు. పక్కగదిలో కుట్టుమిషను చప్పుడు వినిపిస్తోంది. కళ్ళజోడు పెట్టుకుని పాలసీని మొదటిసారిగా, మొదటి అక్షరం నుంచి చదివాడు. ఏం వస్తుందో ఏం రాదో అన్నీ ఉన్నాయి. నీళ్ళు చేరిన ఇంజన్ను నడపబూనితే కలిగే నష్టం అనే వాక్యం మూడో పేజీలో చీమతలకాయంత అక్షరాల్లో ఉంది. అదనపు కవర్ల పట్టికలో రెండే ఉన్నాయి. ఇంజన్ రక్షణ లేదు.

ఏజెంటే ఎగ్గొట్టాడని ఆయనకు ఒళ్ళు మండింది. వాణ్ణి నిలదీయాలంటే ఋజువు ఉండాలి కదా అని, కిందటేడు రెన్యువల్ ఫారం నకలు వెతికాడు. ఫైలు అడుగున దొరికింది.

దాన్ని చూడగానే అన్నీ గుర్తొచ్చాయి. ఏజెంటు ఆ ఫారాన్ని ప్రెస్సులో ఆయన డెస్కు మీద పెట్టి, సంతకం చేసి ఉంచండి, సాయంత్రం వస్తానని పోయాడు. ఆ రోజు బల్ల మీద ఎనభై పేజీల ప్రూఫు ఉంది, చేతిలో ఎర్రపెన్సిలు ఉంది. ఆ ఊపులో ఫారాన్ని కూడా ప్రూఫులాగే దిద్దిపారేశాడు. మూడుచోట్ల 'భీమా' అని పడి ఉంటే, భీముడికీ దీనికీ చుట్టరికం లేదని ఒత్తు కొట్టేసి 'బీమా' అని సరిచేశాడు. ఆ తర్వాత 'వాహనమంతటికీ బీమా' అన్న వరుస కింద 'ఇంజనుకు బీమా' అని మరో వరుస కనిపించింది. వాహనమంతటికీ అన్నాక ఇంజను అందులో లేదా? పునరుక్తి! ఎర్రపెన్సిలు ఆగలేదు. ఆ వరుస మీద గీత గీసి, చివర మెలితిప్పి, మార్జిన్‌లో కొట్టివేత గుర్తు పెట్టింది. పక్కన పొట్టి సంతకం కూడా ఉంది. అక్షరాలు దిద్దినందుకు ఏజెంటు మెచ్చుకున్నాడు కూడా, పాపం. వద్దనుకున్నారు కాబోలనుకుని, ఆ కవరు తీసేశాడు.

  పక్కగదిలో కుట్టుమిషను చప్పుడు ఆగేసరికి బావ ఉలిక్కిపడి, ఆ నకలును పాలసీ కిందికి తోసేశాడు.

అప్పుడే బావమరిది వచ్చాడు. చెప్పులు విప్పి, లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"బావా, ఒక మాట చెప్పాలి. అక్కా, నువ్వు కూడా రా."

ఆవిడ మెళ్ళో కొలత టేపుతో వచ్చింది. "ఏంట్రా తమ్ముడూ, మొహం అలా ఉంది?"

"తాళం తిప్పాను." గబగబా అనేశాడు. "రెండుసార్లు. అలవాటు కొద్దీ తిప్పేశాను. మొదటిసారి మూలిగింది. రెండోసారి ఖణేల్‌మంది. మెకానిక్ అడిగితే లేదన్నాను. అప్పట్నుంచీ ముద్ద దిగట్లేదు."

 బావ పాలసీ కాగితం మీద చెయ్యి వేసి ఉంచాడు. ఆ నిమిషంలో ఆయన బుర్రలో ఏం తిరిగిందో ఆయనకే తెలుసు. వీడు తిప్పలేదని రాస్తే సర్వేయరు ఇంజన్ను కూడా వరద నష్టంలో రాసిపెట్టినా రాసిపెట్టొచ్చు. అప్పుడు ఆ కవరు ఎందుకు లేదని అడిగేవాళ్ళే ఉండరు. ఎర్రపెన్సిలు సంగతి ఫైలు అడుగునే పడుంటుంది. తిప్పానని రాస్తే అన్నీ బయటికి లాగాల్సిందే. పైగా బావమరిది తలొంచుకుని నిలబడి ఉన్నాడు. తిట్టడానికి ఇంతకన్నా మంచి సమయం రాదు. రెండేళ్ళకు సరిపడా తిట్టొచ్చు.

"తిట్టు బావా. తిట్టేస్తే పోతుంది" అన్నాడు వాడే.

 బావ పాలసీ కిందనుంచి నకలు బయటికి లాగి, బల్ల మీద వాడి వైపు జరిపాడు.

"ఏంటిది?"

"చదువు."

"నాకు చదవడం రాదని నువ్వే అంటావుగా... ఈ తోకపురుగేంటి ఇక్కడ?"

"అది కొట్టివేత గుర్తు" అన్నాడు బావ. "నేనే పెట్టాను. అది పెట్టకపోతే నువ్వు తాళం రెండుసార్లు కాదు, ఇరవైసార్లు తిప్పినా ఇంజను వచ్చేది."

విషయం మొత్తం చెప్పడానికి ఆయనకు ఐదు నిమిషాలు పట్టింది.  చెప్పడం అయ్యాక భార్య వంక చూడ్డానికి ధైర్యం చాలక కళ్ళజోడు తీసేశాడు. అది లేకపోతే ఆయనకు మొహాలు కనబడవు.

ముందు నవ్వింది ఆవిడే. నోటికి కొలత టేపు అడ్డం పెట్టుకుని నవ్వింది. "భీముణ్ణి తరిమి ఇంజన్ను పోగొట్టారా!"

బావమరిదికి మాత్రం నవ్వు రాలేదు. మెడ ఎర్రబడింది. "వారం రోజులు బావా! వారం రోజులు నన్ను ఉతికి ఆరేశావు. జీపు ఎత్తెంత, మనదెంత అన్నావు. లెక్క సరిపోయిందన్నావు. నేను పంటి బిగువున పడ్డాను!"

"పడ్డావు" అన్నాడు బావ.

"అంతేనా?"

బావకు తప్పు పట్టుకోవడం వచ్చు గానీ ఒప్పుకోవడం అలవాటు లేదు. అందులోనూ బావమరిది దగ్గర! అయినా లేచి నిలబడ్డాడు. "తప్పైపోయింది" అన్నాడు, అంత చిన్న మాటనే కూడబలుక్కున్నట్టు. "అన్నవన్నీ వెనక్కి తీసుకుంటున్నాను."

బావమరిది కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "సరే. ఇప్పుడు రాయాల్సింది ఏంటి? నీ కోసమైతే తిప్పలేదనే రాస్తా బావా. నాకేం పోయింది!"

"నా కోసం వద్దు" అన్నాడు బావ.

"మరి నీ కోసమైతే ఏం రాస్తావురా?" అంది అక్క.

వాడు పెన్ను తీసుకున్నాడు. "మా పనిలో ఒక పుస్తకం ఉంటుంది అక్కా, ప్రతి లిఫ్టుకీ ఒకటి. ఏం విప్పామో ఏం బిగించామో ఆ పూటే రాసి పెట్టాలి. రాయకపోతే, మన తర్వాత ఆ గుంటలోకి దిగినవాడి చేతులు పోతాయి. పదేళ్ళలో నేను ఒక్కసారి కూడా అబద్ధం రాయలేదు. నాకేమో రాత రాదు, అయినా రాస్తాను." తల ఎత్తాడు. "తిప్పాననే రాస్తాను. ఇంజను పోతే పోయింది."

"ముగ్గురం తలా కాస్త వేసుకుందాం" అంది ఆవిడ. "తాళం ఇచ్చింది నేనేగా."

వాంగ్మూలం ఒకటిన్నర పేజీ వచ్చింది. ఒత్తులు, దీర్ఘాలు ఎక్కడపడితే అక్కడ ఉన్నాయి. వంతెనకు ఒత్తు పెట్టాడు, బ్రేకుకు తీసేశాడు. బావ చెయ్యి ఎర్రపెన్సిలు కోసం జేబులోకి పోబోయి, దారిలోనే వెనక్కి వచ్చింది.

"దిద్దవా?" అన్నాడు బావమరిది ఆశ్చర్యంగా.

"నీ వాంగ్మూలం కదా. నీలాగే ఉండనీ."

మర్నాడు సర్వేయరు షెడ్డులో నిలబడే ఆ కాగితం చదివింది. రెండో పేజీకి వచ్చాక ఒకసారి తలెత్తి బావమరిదిని చూసి, మళ్ళీ చదవసాగింది. మెకానిక్ తల కొట్టుకుంటూ ఇంకో కారు కిందికి దూరాడు.

"ముప్పై ఎనిమిది కార్లలో తాళం తిప్పామని రాసినవాళ్ళు మీతో ఇద్దరు" అందావిడ. "ఇంజను మాత్రం నేను ఇవ్వలేను. తెలుసుగా?"

"తెలుసండి."

"ఎందుకు ఆ నీళ్ళలోకి దిగారో కూడా రాశారు. ఆ లిఫ్టు సంగతి నా రిపోర్టులో ఒక వాక్యం పెడతాను. ఆఫీసులో దానికి ఏం విలువిస్తారో నేను చెప్పలేను. ఇవ్వకపోవచ్చు కూడా." పుస్తకం సంచీలో పెట్టుకుంటూ బావ వైపు తిరిగింది. "లాగించి తేవడం, బ్యాటరీ తీసేయడం, వెంటనే కబురు చేయడం, ఇవన్నీ సరిగ్గా చేశారు. లేకపోతే వైరింగు మీద కూడా పేచీ పెట్టేవాళ్ళు. ఈసారి రెన్యువల్ చేసేటప్పుడు చదువుకోండి."

"చదివానండి" అన్నాడు బావ. "అదే వచ్చిన చిక్కు."



కంపెనీ ఉత్తరం నాలుగు వారాలకు వచ్చింది. సీట్ల నుంచి స్టార్టరు దాకా ఆవిడ చెప్పినవన్నీ ఇచ్చారు, లారీతో లాగించిన ఖర్చు కూడా కలిపారు. ఇంజనుకు ఇవ్వలేదు. లిఫ్టు ఊసు ఉత్తరంలో ఎక్కడా లేదు. బావ రెండుసార్లు వెతికాడు. మెకానిక్ ఎక్కడో వెనకనుంచి గుద్దించుకుని మూలపడ్డ అదే రకం కారు ఒకటి వెతికి, దాని ఇంజను బాగుందని చెవి పెట్టి విని, తెచ్చి బిగించడం మొదలుపెట్టాడు.

ఈ లోపల బావా బావమరుదులిద్దరూ పొద్దున ఏడూ నలభై బస్సులో కలిసి పోయేవాళ్ళు. కారు ఉన్నన్నాళ్ళూ వంతులవారీగా దాన్నే చూసుకున్నారు గానీ, ఒకళ్ళనొకళ్ళు పక్కన కూర్చోబెట్టుకుని ఇంతసేపు ఎప్పుడూ ప్రయాణం చేయలేదు. మొదటి వారం పెద్దగా మాటల్లేవు. రెండో వారంలో బావమరిది లిఫ్టుల్లో మనుషులు ఆడే మాటల గురించి చెప్పి బావను నవ్వించాడు. బావ ఆ రోజు దొరికిన అచ్చుతప్పు ఏదో చెప్పేవాడు. అది వాడికి సగం అర్థమయ్యేది, అయినా వినేవాడు.

ఒక రోజు బస్సు ఆ రైలు వంతెన కిందనుంచే పోయింది. దారి పొడిగా ఉంది. గోడ మీద మనిషి ఛాతీ ఎత్తున మట్టి గీత ఇంకా చెరగలేదు. బావమరిది దాన్ని చూస్తూ చెప్పాడు.

"నేను దిగి నడుచుకుంటూ పోయానన్నాను కదా బావా. అలా కాదు. తలుపు రాలేదు. ఎంత తోసినా రాలేదు, బయట నీళ్ళు ఒత్తుతున్నాయి. లోపల సీటు దాకా వచ్చేశాయి. నాకు ఈత రాదు. అప్పుడు తిప్పాను తాళం. అలవాటు కొద్దీ అని ఆ రోజు అన్నాను గానీ, అలవాటు కాదు, భయం. రెండోసారి తిప్పాక నీకు ఫోన్ చేశాను."

"ఆరు పిలుపులు" అన్నాడు బావ మెల్లగా. "కారు అడగడానికి చేశావనుకున్నాను."

"ముందు నాలుగూ కారు కోసమే. చివరి రెండూ లోపల్నుంచి. ఎత్తకపోతే... ఇక ఎవరూ రారని తెలిసిపోయింది. అప్పుడు అద్దం తిప్పే పిడి గుర్తొచ్చింది. అద్దం దింపి, అందులోంచి బయటపడ్డాను. సంచీ లాక్కున్నాను. అవతల ఐదుగురు నాలాగే లోపల ఉన్నారనిపించింది. లేకపోతే ఆ రోజు నేను ఇంటికే పోయేవాణ్ణి."

బస్సు వంతెన దాటి వెలుతురులోకి వచ్చింది.  బావమరిది ఒళ్ళో ఉన్న పనిముట్ల సంచీని బావ అందుకుని తన ఒళ్ళో పెట్టుకున్నాడు. చాలా బరువుగా ఉంది. ప్రెస్సు దగ్గరి స్టాపు వచ్చినా ఆయన లేవలేదు.

"నీ స్టాపు బావా" అన్నాడు వాడు.

"తెలుసు. నీతో పాటు అక్కడ దిగి, వెనక్కి నడుస్తాను."

కారు ఆ తర్వాతి వారం ఇంటికొచ్చింది. కొత్త ఇంజను పాతదానికన్నా కాస్త గట్టిగా మోగుతుంది. అద్దాలు ఎంత తెరిచి తిప్పినా బురద వాసన పూర్తిగా వదల్లేదు. బావ ఆదివారాల్లో ఈత నేర్చుకోవడానికి బావమరిదిని అందులోనే కొలనుకు తీసుకెళ్తున్నాడు. నేర్పేవాడు నేర్పుతుంటే, ఆయన గట్టు మీద కూర్చుని, ఫోను చేతిలోనే పట్టుకుని చూస్తుంటాడు.